నాలుగు నిమిషముల మైలు

మైలు అనగా 1,760 గజములు. ఇప్పటి కొలతలో సుమారు 1,609 మీటర్లు. తీరికగా నడచువానికి ఈ దూరము ఇరువది నిమిషముల నడక. పాఠశాలలో చురుకుగా ఆటలాడు బాలుడు ఏడెనిమిది నిమిషములలో దానిని పరుగెత్తగలడు. అదే మైలును నాలుగు నిమిషములలో ముగింపవలెనన్నచో గంటకు 15 మైళ్ళ వేగమును అందుకొని, దానిని తుదివరకు ఎక్కడను సడలనీయరాదు. సైకిలును బాగుగా వేగముగా తొక్కుచున్నవాని ప్రక్కనే, వెనుకబడక, మైలు పొడవునను పరుగెత్తుట ఎట్టిదో ఊహించుకొన్నవారికి ఈ పని యొక్క కాఠిన్యము బోధపడును.

ఇంగ్లండులోని పందెపు బాటలు ఆ కాలమున చాలవరకు 440 గజముల చుట్టు గలవి. అట్టి బాటపై నాలుగు చుట్లు తిరిగినచో మైలు పూర్తియగును. నాలుగు చుట్లకు నాలుగు నిమిషములు. చుట్టునకు సరిగా 60 సెకండ్లు. ఈ లెక్క ఎంత ముచ్చటగా కుదిరినదో చూడుడు! ప్రకృతి దీనిని ఏర్పరచలేదు. గజమును, నిమిషమును కల్పించుకొన్న మనుష్యుడే దీనిని ఏర్పరచుకొనెను. అయినను అది పరుగువీరుల మనస్సులను పట్టుకొని విడువకుండెను.

1937లో ఇంగ్లండు వాడగు సిడ్నీ వూడర్‌సన్ 4 నిమిషముల 6.4 సెకండ్లలో మైలు పరుగెత్తి ప్రపంచమున అందరికంటె ముందుండెను. తరువాత యుద్ధము వచ్చెను. యుద్ధమున చేరని స్వీడను దేశములో గుండర్ హేగ్, ఆర్నె ఆండర్సన్ అను ఇరువురు పోటీపడి, ఒకరి కాలమును మరియొకరు తగ్గించుచు వచ్చిరి. 1945 జులైలో హేగ్ 4 నిమిషముల 1.4 సెకండ్లకు దానిని దించెను. అంతట ఆ అంకె కదలక నిలిచిపోయెను. ఒక సంవత్సరము కాదు, రెండు సంవత్సరములు కాదు. దాదాపు తొమ్మిది సంవత్సరములు దానిని దాటినవాడు లేకపోయెను. మిగిలినది ఒకటిన్నర సెకండు మాత్రమే. అది మనుష్య దేహమునకు సాధ్యము కాదని కొందరు నిశ్చయముగా పలుకసాగిరి.

ఆ సెకండున్నరను తగ్గించినవాడు పరుగునే వృత్తిగా పెట్టుకొన్నవాడు కాడు. అతడు లండనులో వైద్యము చదువుకొనుచున్న విద్యార్థి. పేరు రోజర్ బానిస్టరు. అతడు 1929 మార్చి 23వ తేదీన లండను సమీపమునందలి హారో పట్టణమున జన్మించెను. పదునారేండ్ల ప్రాయమున, 1945లో, తండ్రితో కలసి ఒక పందెమును చూడబోయి, పొట్టివాడును బక్కపలుచనివాడును అగు వూడర్‌సన్ పొడగరియైన ఆండర్సన్‌తో దీటుగా పరుగెత్తుట కన్నులార చూచెను. ఆ దృశ్యము అతని మనస్సున నాటుకొనెను. మరుసటి సంవత్సరము, పదునేడేండ్ల వయస్సున, ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున చేరెను. అప్పటికి అతడు పందెపు బాటపై కాలు మోపినవాడు కాడు. పరుగువారు తొడుగు మేకుల బూట్లు తొడిగినవాడును కాడు.

1947లో అతడు మైలును 4 నిమిషముల 24.6 సెకండ్లలో పరుగెత్తెను. అప్పటి అతని అభ్యాసము వారమునకు మూడు దినములు, దినమునకు అరగంట. ఈ మాత్రపు అభ్యాసముతో ఇంత వేగము వచ్చుట చూచి పెద్దలు అతనిపై ఆశలు పెట్టుకొనిరి. 1948లో ఒలింపిక్ క్రీడలు లండనులోనే జరుగుచుండగా, బ్రిటిష్ జట్టునకు అతని పేరును పరిశీలించిరి. పందొమ్మిదేండ్ల యువకునకు అంతకంటె ప్రలోభము ఏమి కావలెను? కాని, తాను ఇంకను సిద్ధముగా లేనని అతడు తలచి, ఆ అవకాశమును వదలుకొనెను. తన బలమును తాను తూచుకొను అలవాటు ఆనాటికే అతనిలో ఉండెను.

అటుపై అతని ప్రగతిని అంకెలలోనే చూడవలెను. 1949లో 4 నిమిషముల 11 సెకండ్లు. 1950 డిసెంబరులో 4 నిమిషముల 9.9 సెకండ్లు. 1951 జులైలో 4 నిమిషముల 7.8 సెకండ్లు. మొదటి రెండేండ్లలో 13 సెకండ్లు తగ్గినవి. తరువాతి రెండేండ్లలో మూడు నాలుగు సెకండ్లు మాత్రమే తగ్గినవి. అభ్యాసము చేయువారందరి అనుభవము ఇదియే. ఆరంభమున ఫలము త్వరగా చేతికందును. పోనుపోను అది సన్నగిల్లును. తొలి ఫలమును చూచి పొంగిపోయినవాడు, అది సన్నగిల్లినప్పుడు తనలో ఏదియో లోపము పుట్టినదని తలచి, పనినే మానుకొనును. ఆరంభశూరులలో అధికులు సోమరులు కారు. ఈ లెక్క తెలియక నిరాశపడినవారు.

బానిస్టరునకు ఆ నిరాశ 1952లో వచ్చెను. ఆ సంవత్సరము ఫిన్లండు దేశపు రాజధాని హెల్సింకీలో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. అందు మైలు పందెము లేదు. దానికి సమీపమైన 1,500 మీటర్ల పందెము కలదు. బానిస్టరు దానిలో గెలుచునని ఇంగ్లండున చాలమంది నమ్మిరి. అతడు తనకు తానే గురువై, తేలిక అభ్యాసముతో, కాళ్ళలో సత్తువను ఒకటి రెండు పరుగులకై దాచుకొనుచుండెను. క్రీడలు ఆరంభము కాబోవుచుండగా, ఈసారి నడుమ మరియొక వడపోత పందెము కూడ ఉన్నదని ప్రకటన వెలువడెను. అనగా వరుసగా మూడు దినములు మూడు పరుగులు. మూడవ నాటి తుది పందెమున అతని కాళ్ళు మొరాయించినవి. లక్సెంబర్గు అను చిన్న దేశమునకు చెందిన జోసీ బార్తెల్ గెలిచెను. బానిస్టరు నాలుగవవాడయ్యెను. మొదటి మువ్వురకు పతకములు. నాలుగవవానికి ఏమియు లేదు.

స్వదేశపు పత్రికలు అతనిని నిందించినవి. గురువు లేకుండ ఒంటరిగా అభ్యసించుట వలననే ఓడెనని వ్రాసినవి. అతడు పరుగును మానివేయుదునా, కొనసాగింతునా అని రెండు నెలలు ఆలోచించెను. ఆ రెండు నెలల ఆలోచన అతని జీవితమున మిక్కిలి విలువైనది. ఓటమికి వడపోత పందెమును కారణముగా చూపి ఊరకుండవచ్చును. ఆ మాట అసత్యమును కాదు. కాని గెలిచినవాడును ఆ మూడు పరుగులు పరుగెత్తినవాడే కదా! తన అభ్యాసము ఒక దినపు పరుగునకు చాలును, వరుస పరుగులకు చాలదు. లోపము ఉన్నది అచ్చట. దానిని గుర్తించి, అతడు పరుగును మానక, నాలుగు నిమిషముల మైలును తన గురిగా పెట్టుకొనెను.

1953 మే 2వ తేదీన ఆక్సుఫర్డులో అతడు 4 నిమిషముల 3.6 సెకండ్లలో మైలు పరుగెత్తి, వూడర్‌సన్ పదునారేండ్ల క్రిందట స్థాపించిన బ్రిటిష్ కాలమును దాటెను. జూను నెలలో 4 నిమిషముల 2 సెకండ్లకు వచ్చెను గాని, ఇతరులు అతనికి వేగము అందించుటకే ఏర్పాటైన ఆ పరుగు నిజమైన పోటీ కాదని క్రీడాధికారులు దానిని లెక్కలోనికి తీసికొనలేదు. ఇంతలో ప్రపంచమున అతనికి ఇరువురు పోటీదారులు లేచిరి. ఒకడు ఆస్ట్రేలియా వాడగు జాన్ లాండీ. రెండవవాడు అమెరికా వాడగు వెస్ శాంటీ. వారును 4 నిమిషముల 2 సెకండ్ల దరిదాపుల నిలిచియుండిరి. ఎవరు ముందు దాటుదురో తెలియదు. బానిస్టరునకు మరియొక చిక్కు కలదు. 1954 వేసవితో అతని వైద్యవిద్య ముగియును. ఆపై ఆసుపత్రిలో రేయింబవళ్ళు పనిచేయవలసిన వైద్యునకు పందెములకు తీరిక యుండదు. కావున ఆ ఒక్క చలికాలము, ఆ ఒక్క వసంతకాలము మాత్రమే అతని చేతిలో ఉండినవి.

ఉన్న తీరికయు స్వల్పమే. మధ్యాహ్న భోజన సమయమున సెయింట్ మేరీ ఆసుపత్రి నుండి బయటపడి, దాపున ఉన్న పాడింగ్‌టన్ ఆటస్థలమునకు పోయి, అరగంటసేపు పరుగెత్తి, మరల రోగుల కడకు వచ్చుచుండెను. వారాంతమున క్రిస్ బ్రేషర్, క్రిస్ చాటవే అను మిత్రులిరువురు అతనితో కలియుచుండిరి. ఆస్ట్రియా దేశమునుండి వచ్చిన ఫ్రాంజ్ స్టాంఫల్ అను శిక్షకుడు వారికి సలహాలిచ్చుచుండెను. ఒంటరితనమును ఎంతగానో ఇష్టపడిన బానిస్టరు ఇతరుల మాట వినుటకు అంగీకరించుటయే ఒక పెద్ద మార్పు.

1953 డిసెంబరులో మొదలైన ఆ అభ్యాసము వినుటకు మిక్కిలి సాధారణము. ఒక చుట్టు, అనగా 440 గజములు, 66 సెకండ్లలో పరుగెత్తవలెను. రెండు నిమిషములు విశ్రమింపవలెను. మరల ఒక చుట్టు. మరల రెండు నిమిషములు. ఇట్లు పది చుట్లు. ఇందు వింత యేమియు లేదు. 66 సెకండ్ల చుట్టు బానిస్టరు వంటివానికి కష్టమైనదియు కాదు; ఒక్క చుట్టు మాత్రమే అయినచో అంతకంటె చాల వేగముగా పరుగెత్తగలడు. కష్టమంతయు పదియవ చుట్టు మొదటి చుట్టు వలెనే ఉండవలెననుటలో కలదు.

వేగముగా పరుగెత్తునప్పుడు కండరములు కోరినంత ప్రాణవాయువును ఊపిరితిత్తులును గుండెయు అందింపలేవు. అప్పుడు దేహము అప్పుచేసి సంసారము నడపు గృహస్థు వలె కొంతసేపు నెట్టుకొనివచ్చును. విరామము దొరకగానే ఆయాసపడుచు ఆ అప్పును తీర్చుకొనును. పూర్తిగా తీరకముందే మరల పరుగు, మరల అప్పు. ఇట్లు వారములు గడచిన కొలది గుండె ఒక్కొక్క కొట్టుటలో ఎక్కువ రక్తమును పంపుట నేర్చుకొనును. కండరములు అందిన ప్రాణవాయువును మరింత పొదుపుగా వాడుకొనుట నేర్చుకొనును. బానిస్టరునకు ఇది పుస్తకములలో చదివిన విషయము మాత్రమే కాదు. ఆక్సుఫర్డులో అతడు పరుగు యంత్రముపై తానును పరుగెత్తి, ఇతరులచేతను పరుగెత్తించి, ఎక్కువ ప్రాణవాయువు కలిపిన గాలిని పీల్చినప్పుడు అలసట ఎట్లు ఆలస్యమగునో పరిశోధించినవాడు.

జనవరి, ఫిబ్రవరి నెలలలో ఆ ముగ్గురు చుట్టు కాలమును కొంచెము కొంచెముగా తగ్గించుచు వచ్చిరి. దూరము మారలేదు. చుట్ల సంఖ్య మారలేదు. నడుమ విశ్రాంతి రెండు నిమిషములే. మారినది చుట్టునకు పట్టు కాలము ఒక్కటే. ఇందలి తెలివిని గమనింపవలెను. వేగము పెరిగినదని చెప్పుకొనుటకు విశ్రాంతిని మూడు నిమిషములు చేసికొన్నచో, లేక పది చుట్లకు బదులు ఏడు చుట్లతో సరిపెట్టుకొన్నచో, గడియారము చక్కని అంకెను చూపును గాని దేహములో మార్పేమియు ఉండదు. వాపును చూచి బలుపనుకొనుట అనిన ఇదియే. ఒక్కటి తప్ప తక్కినవన్నియు మారకుండినప్పుడే కొలతకు అర్థము కలదు. రసాయనశాలలో ప్రయోగము చేయువారు పాటించు నియమమును ఆ వైద్యవిద్యార్థి పందెపు బాటపై పాటించెను.

ఏప్రిలు వచ్చునప్పటికి చుట్టు కాలము 61 సెకండ్లకు దిగెను. నాలుగు నెలలలో అయిదు సెకండ్లు. వారమునకు లెక్కించినచో సెకండులో మూడవ వంతు. ఏ ఒక్క వారమునను, ప్రక్కన నిలిచి చూచువారికి ముందటి వారమునకును ఈ వారమునకును భేదము కానరాదు. స్టాప్‌వాచి పట్టినవానికే అది తెలియును. అయినను పది చుట్లపై కూడినప్పుడు ఆ తగ్గుదల 50 సెకండ్లు.

ఇట్టి కొలతకు ఒలింపిక్ వీరుడే కానక్కరలేదు. పాఠశాల ఆవరణ చుట్టును వారమునకొకసారి, ఒకే దినమున, ఒకే వేళకు పరుగెత్తి, పట్టిన కాలమును నోటుపుస్తకమున తేదీతో వ్రాసికొను బాలునకుగాని బాలికకుగాని మూడు నెలలలో తన దేహమును గూర్చి చాల సంగతులు తెలియును. జ్వరము వచ్చి లేచిన వారమున కాలము పెరుగును. నిద్ర చాలని వారమునను పెరుగును. ఆ పెరుగుదలయు వ్రాయదగినదే. తగ్గినప్పుడు మాత్రమే వ్రాసికొను పుస్తకము పొగడ్తల పుస్తకమగును గాని లెక్కల పుస్తకము కాదు. ఎదుగుచున్న ప్రాయమువారు ప్రక్కవాని కాలమును చూచి తొందరపడరాదు. ఒకే తరగతిలోని ఇరువురి దేహములు ఒకే వయస్సున ఒకే విధముగా ఎదుగవు.

ఇక కథకు వత్తము. ఏప్రిలులో 61 సెకండ్లకు వచ్చిన చుట్టు అచ్చటనే ఆగిపోయెను. కావలసినది 60. ముగ్గురును ఎంత ప్రయాసపడినను ఆ ఒక్క సెకండు తగ్గలేదు. పందెమునకు మూడు వారములే మిగిలియున్నవి. ఇట్టి సమయమున లోకుల సలహా ఒక్కటే: ఇంకను గట్టిగా పరుగెత్తుడు, పది చుట్లను పదునైదు చేయుడు, విశ్రాంతిని తగ్గింపుడు. బానిస్టరు, బ్రేషరు అందులకు విరుద్ధమైన పని చేసిరి. పరుగును పూర్తిగా కట్టిపెట్టి, స్కాట్లండు పర్వతములకు పోయి, మూడు దినములు కొండలెక్కుచు గడపిరి. కొండ రాళ్ళపై కాలుజారి చీలమండ బెణికినచో నాలుగు నెలల శ్రమ నేలపాలగును. కావున దానిని వివేకమని నిశ్చయముగా చెప్పుటకు వీలులేదు. కొంత సాహసము, కొంత విసుగు కూడ అందు కలసియుండెను.

తిరిగివచ్చి బాటపై కాలు మోపి పది చుట్లు పరుగెత్తి చూడగా, చుట్టు కాలము 59 సెకండ్లు!

ఇది ఇంద్రజాలము కాదు. నెలల తరబడి శ్రమించిన దేహములో బలముతోపాటు అలసటయు పేరుకొనును. బలము ఎంత పెరిగినను పైనున్న అలసట దానిని కనబడనీయదు. మూడు దినములలో కొత్త బలమేదియు పుట్టదు. పాత అలసట తొలగును. అప్పుడు లోపలనున్న బలము బయటపడును. నేటి శిక్షకులు కఠినమైన కొన్ని వారముల తరువాత ఒక తేలిక వారమును ముందుగానే నిర్ణయించి ఉంచుటకు కారణమిదియే. 61 అంకె కదలకుండుటను సోమరితనమునకు గుర్తుగా తీసికొనియున్నచో, వారు ఇంకను శ్రమించి, మరింత అలసి, మే నెలకు 62 సెకండ్లకు పోయియుందురు.

ఏప్రిలు నెలాఖరున బానిస్టరు తన్ను తాను మరియొకసారి పరీక్షించుకొనెను. ముప్పావు మైలును ఒంటరిగా పరుగెత్తగా 3 నిమిషములకు ఒక పిసరు తక్కువ పట్టెను. అది చాలునని నిశ్చయించి, పందెమునకు ముందు అయిదు దినములు పూర్తిగా విశ్రమించెను. ముందునాడు ఆసుపత్రిలో నునుపైన నేలపై జారిపడి, ఆ పూటంతయు కుంటుచుండెనట. విధి ఇట్టి పరిహాసములు చేయుచుండును.

1954 మే 6వ తేదీ గురువారము. ఉదయము అతడు ఆసుపత్రి ప్రయోగశాలలోని సానరాతిపై తన బూట్ల మేకులకు పదును పెట్టెను. బొగ్గుచిట్టెము పరచిన బాటపై పరుగెత్తునపుడు ఆ పొడి మేకులకు అంటుకొని బరువెక్కును. అది అంటకుండ వానికి గ్రాఫైటు పూసెను. ఒక్కొక్క అడుగునకు పట్టుకొను ఆ పిడికెడు మట్టి ఎంత బరువని నవ్వువారు, మైలు దూరమున అడుగులెన్నియో లెక్కింపవలెను. పిదప రైలులో ఆక్సుఫర్డు చేరెను. ఆ దినము వాన జల్లులు, పెనుగాలి. ఎదురుగాలిలో ఒక్కొక్క చుట్టునకు ఒక సెకండు వరకు నష్టమగునని అతని లెక్క. ఒకసారి ప్రయత్నించి విఫలుడైనచో మరల కూడగట్టుకొనుటకు కాలము పట్టును. పరుగెత్తక ఊరకున్నచో మరియొక అవకాశము రాకపోవచ్చును. సాయంకాలము వరకు అతడు ఊగిసలాడుచునే యుండెను. సమీపమున ఉన్న చర్చి గోపురముపై జెండా గాలికి బిగిసి రెపరెపలాడుచుండెను. పందెమునకు కొలది సేపటి ముందు ఆ జెండా కొంచెము వాలెను. పరుగెత్తుదుమని మిత్రులకు తెలిపెను.

ఇఫ్లీ రోడ్డు బాటపై ఆరుగురు వరుసగా నిలిచిరి. సాయంకాలము ఆరు గంటలు. ముందు బ్రేషరు, వెనుక బానిస్టరు, అతని వెనుక చాటవే. అయిదు దినముల విశ్రాంతి వలన బానిస్టరు కాళ్ళు ఎంత తేలికగా ఉండెననగా, తాము నెమ్మదిగా పోవుచున్నామని భ్రమపడి, వేగము పెంపుమని అతడు ముందున్న బ్రేషరును కేకవేసెను. బ్రేషరు వినెనో వినలేదో గాని, తన వేగమును మార్చలేదు. మొదటి చుట్టు 57.5 సెకండ్లు. కావలసినదానికంటె వేగముగానే పోవుచుండిరి! ఎంతటి అనుభవశాలికైనను లోపలి తోపు మోసము చేయగలదు. ఆ క్షణమున బ్రేషరు స్థైర్యమే పందెమును కాపాడెనని చెప్పవచ్చును.

సగము మైలునకు 1 నిమిషము 58 సెకండ్లు. మూడవ చుట్టున బ్రేషరు అలసి ప్రక్కకు తొలగగా చాటవే ముందునకు వచ్చెను. ముప్పావు మైలునకు 3 నిమిషముల 0.7 సెకండు. ఇక తుది చుట్టు 59 సెకండ్లలో ముగింపవలెను. 59 సెకండ్లు! స్కాట్లండు నుండి తిరిగివచ్చినపుడు పది మారులు పరుగెత్తిన చుట్టు అదియే. కాని అప్పుడు చుట్టునకు చుట్టునకు నడుమ రెండు నిమిషముల విశ్రాంతి కలదు. ఇప్పుడు అప్పటికే మూడు చుట్లు ఊపిరి సలుపకుండ తిరిగియున్నాడు. ఆ తుది చుట్టున అతడు చాటవేను దాటి ముందునకు దూకెను. గమ్యమును దాటినంతనే స్పృహ తప్పినవాని వలె సొమ్మసిల్లి, దగ్గర నిలిచినవారి చేతులలో పడెను.

ఫలితమును ప్రకటించువాడు తొందరపడలేదు. పందెము పేరు, గెలిచినవాని పేరు, అది ఆ మైదానమునకు కొత్త కాలమనియు, ఇంగ్లండునకు కొత్త కాలమనియు, ప్రపంచమునకు కొత్త కాలమనియు వరుసగా చదివి, తుదకు నిమిషముల అంకె వచ్చునప్పటికి "మూడు" అనెను. తరువాతి మాట జనుల కేకలలో ఎవ్వరికిని వినబడలేదు. మూడు నిమిషముల 59.4 సెకండ్లు.

ఆ పిమ్మట నలువది ఆరు దినములకే, జూను 21వ తేదీన, లాండీ ఫిన్లండులో 3 నిమిషముల 58 సెకండ్లకు ఆ కాలమును దించెను. బానిస్టరు దాటగానే తక్కినవారందరును గుంపులుగా దాటిరని కొందరు చెప్పుదురు, అది అతిశయోక్తి. ఆ సంవత్సరము దాటినవారు వారిరువురే. ఆగస్టు 7వ తేదీన కెనడా దేశపు వాంకూవరులో ఆ ఇరువురు ముఖాముఖిగా తలపడిరి. ముందు పోవుచున్న లాండీ తుది మలుపున ఎడమ భుజముమీదుగా వెనుకకు చూచెను. సరిగా ఆ క్షణముననే బానిస్టరు కుడివైపునుండి అతనిని దాటిపోయెను. ఇరువురును నాలుగు నిమిషముల లోపుననే ముగించిరి.

అభ్యాసమున తోడుపడిన మిత్రుల గతియు చెప్పదగినది. చాటవే 1955 మే నెలలో తానును 3 నిమిషముల 59.8 సెకండ్లలో మైలు పరుగెత్తెను. బ్రేషరు మువ్వురిలో తక్కువ వేగము కలవాడని పేరు పడినవాడు. అతడు 1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో 3,000 మీటర్ల అవరోధముల పరుగున స్వర్ణపతకము గెలిచెను. హెల్సింకీలో బానిస్టరునకు అందని పతకము అట్లు ఆ బృందమునకు దక్కెను. అంకె మాత్రము దిగుచునే వచ్చెను. 1999లో మొరాకో దేశపు హిషాం ఎల్ గెరూజ్ రోము నగరమున 3 నిమిషముల 43.13 సెకండ్లకు దానిని తెచ్చెను. స్త్రీలలో కెన్యా దేశపు ఫెయిత్ కిప్యెగాన్ 2023లో 4 నిమిషముల 7.64 సెకండ్లలో మైలు పరుగెత్తెను. 1951లో బానిస్టరు నిలిచియుండిన మెట్టు ఇంచుమించుగా అదియే.

బానిస్టరు 1954 సంవత్సరాంతమున, ఇరువది అయిదేండ్ల వయస్సున, పందెములను విడిచి ఆసుపత్రికి మరలెను. నాడీమండల వ్యాధులలో నిపుణుడై, మనము తలపకయే గుండెను, రక్తపు ఒత్తిడిని నడపు నాడులను గూర్చి పరిశోధనలు చేసెను. 1975లో అతనికి సర్ బిరుదము లభించెను. వృద్ధాప్యమున అతనికి కూడ నాడీమండలమునకు సంబంధించిన పార్కిన్సన్ వ్యాధి సోకెను. 2018 మార్చి 3వ తేదీన, ఎనుబది ఎనిమిదేండ్ల వయస్సున, మరణించెను. నాలుగు నిమిషముల మైలును గూర్చి అడిగినవారికెల్ల అతడు ఓపికతో బదులు చెప్పుచుండెను గాని, తనకు దానికంటె ఎక్కువ గర్వకారణము నలువది సంవత్సరముల వైద్యవృత్తియేనని చెప్పుచుండెడివాడు.